ఫ్యామిలీ లేదా మేడమ్?

ఆదివారం అనుబంధాల్లో అప్పుడప్పుడూ ఒక పేజీ వస్తుంటుంది. ఈ వారాంతం ఎక్కడికి వెళ్దాం, ఏం చూద్దాం, ఏం తిందాం... సూర్యలంక గురించి అలాంటివి ఎన్ని చదివానో లెక్కలేదు. బాపట్ల నుంచి ఎనిమిది తొమ్మిది కిలోమీటర్లు, కారు ఇంచుమించు ఇసుక దాకా వెళ్తుంది, చందువా వేపుడు తినకుండా రాకండి, రొయ్యల ఇగురు అదిరిపోతుంది, సాయంత్రమైతే మిరపకాయ బజ్జీ, ‘చల్లగా ఏమైనా’ కావాలంటే దానికీ ఏర్పాట్లున్నాయి. ఆ ‘చల్లగా ఏమైనా’ దగ్గర రాసినాయన కన్నుగీటడం అక్షరాల్లోంచి కూడా కనబడుతుంది. చదివే మనిషి ఎవరో ఆయనకి ముందే తెలుసు. ఆ మనిషికి కారుంది. జేబులో డబ్బుంది. పక్కన భార్య ఉంటే ఉంది, లేకపోతే స్నేహితులున్నారు. ఒంటికి వస్తే సరుగుడు తోపు ఉండనే ఉంది.

ఆ పేజీ నాకోసం రాసింది కాదని యాభై ఎనిమిదేళ్ళ వయసులో, ఒక హోటల్ మెట్ల మీద నిలబడి తెలుసుకున్నాను. అంత ఆలస్యంగా తెలుసుకోవడం నా అదృష్టమో, మొద్దుతనమో మీరే చెప్పండి.

2025 నవంబరు, కార్తీకం చివరి వారం. ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీలో ఉచిత ప్రయాణం వచ్చింది కదా, దాన్ని ఒకసారి సరదాకి వాడుకుందామని నేనే ఎత్తుకున్నాను. ఉద్యోగానికీ ఆస్పత్రికీ గుడికీ తప్ప మనం బస్సెక్కేది ఎప్పుడు? నలుగురం. నేను, నాతోపాటు ఇరవై ఏళ్ళు ఒకే స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని రిటైరైన స్నేహితురాలు, నా దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి, వాళ్ళమ్మ. తల్లీకూతుళ్ళది పర్చూరు వైపు పల్లె. వాళ్ళమ్మ కూలికి వెళ్తుంది. ఈ కాలంలో పత్తి తీతలు, సంక్రాంతి దాటాక మిరపకోతలు. ఆ రోజు కూలి పోగొట్టుకుని వచ్చింది. సముద్రం చూడక కాదు, చూసింది. సముద్రం దగ్గర కూర్చుని ఏమైనా తినలేదట ఎప్పుడూ. “మా అమ్మకి హోటల్లో చేపల కూర తినిపించాలి మేడమ్” అంది ఆ పిల్ల. ఫెలోషిప్ డబ్బులు అప్పుడే వచ్చాయి తనకి.

బాపట్ల బస్టాండులో కలిశాం. ఆమె నన్ను అమ్మగారూ అని పిలిచింది. అలా పిలవద్దండీ అంటే ‘మేడంగారూ’కి మారింది, అంతకంటే ముందుకు రాలేదు. నీళ్ళ సీసా ఇస్తే పుచ్చుకుని సంచిలో పెట్టుకుంది. ఎండగా ఉంది, తాగండి అన్నాను.

“ఇప్పుడొద్దులే మేడంగారూ. తాగితే మళ్ళా ఒంటికొస్తది. ఆడ యాడికి పోతాం?”

ఇది ఆమె ఆ రోజుకి కనిపెట్టిన ఉపాయం కాదు, బతుకంతా పాటిస్తున్న క్రమశిక్షణ. మిరపచేలో మరుగుండదు. మొక్క నడుమెత్తు కూడా రాదు. పత్తిచేను కాస్త నయమట. పొద్దున్నే చేలోకి దిగిన ఆడది మధ్యాహ్నం దాకా గుక్కెడు నీళ్ళతో సరిపెట్టుకుంటుంది, సరుకంటిన చేతుల మంట ఒకపక్క, ఎండ ఒకపక్క. మిరపకాయలు కోసిన చేత్తో ఒంటికి వెళ్ళిరావడం ఎలా ఉంటుందో కూడా ఆమె చెప్పింది, బస్టాండు బల్ల మీద కూర్చుని, మామూలు గొంతుతో. నా స్నేహితురాలు మొహం పక్కకి తిప్పుకుంది. గుంటూరు మిర్చి యార్డు ఆసియాలోకెల్లా పెద్దదని ప్రతి వ్యాసం మొదలెట్టే మనం ఈ సంగతి ఎక్కడైనా రాశామా? నేను రాయలేదు.

సూర్యలంక చేరేసరికి సరుగుడు తోపుల్లో షామియానాలు, మైకులు. వనభోజనాలు. ఏ షామియానాకి ఆ షామియానా ఒక బ్యానరు, బ్యానరు మీద ఒక కులం పేరు. ఒకప్పుడు ఊరి వాళ్ళంతా వండుకుని తినేవాళ్ళని పెద్దవాళ్ళు చెప్పుకుంటారు, ఊరంతా అంటే ఎవరెవరో విడమరిచి చెప్పరు. ఇప్పుడు ఆ మొహమాటం కూడా అక్కర్లేదు. మా స్నేహితురాలు ఒక బ్యానరు చూసి, “మావాళ్ళవి కూడా ఇక్కడే జరుగుతున్నట్టున్నాయే” అంది అలవాటుగా. అని నాలిక్కరుచుకుంది. మా నలుగురం కలిసి వెళ్ళి కూర్చోగల షామియానా అక్కడ ఒక్కటి కూడా లేదు. సరే, అందుకేగా హోటలుంది అనుకున్నాను. డబ్బిస్తే ఎవరైనా తినొచ్చు. ఆధునికత అంటే అదే కదా!

హోటల్ పేరెందుకు, ఏ హోటలైనా అదే. కింద హాలు నిండా మగవాళ్ళు. కొన్ని బల్లల మీద పేపరు గ్లాసులు, వాసన చెబుతోంది వాటిలో ఉన్నది నీళ్ళు కాదని. కౌంటర్లో మనిషి మమ్మల్ని చూసి పైకి చెయ్యి చూపించాడు.

“ఫ్యామిలీ సెక్షన్ పైనమ్మా.”

మెట్లెక్కాం. పైన మరొకతను. “ఫ్యామిలీ ఎంతమంది?”

“నలుగురం.”

మా వెనక్కి చూశాడు. ఇంకా వెనక్కి చూశాడు. “ఫ్యామిలీ లేదా మేడమ్? జెంట్స్ ఎవరూ రాలేదా?”

రాలేదు. అయితే పైన ఇవ్వరట, ఆదివారం కదా, ఫ్యామిలీస్ వస్తాయట. మరి కింద? “కింద మీరు కూర్చోలేరు మేడమ్, తాగేవాళ్ళుంటారు.” అంటే కింద మేం కూర్చోకూడదు, ఎందుకంటే మేం ఆడవాళ్ళం. పైన కూర్చోకూడదు, ఎందుకంటే మేం ఆడవాళ్ళం మాత్రమే.

ఈ మాట చరిత్ర మీకూ తెలుసు. 1980లలో గుంటూరులో చదువుకున్న వాళ్ళకి పరదాలు వేలాడే ఫ్యామిలీ రూములు గుర్తుండే ఉంటాయి. నూనె మరకల ఆకుపచ్చ పరదా, లోపల నాలుగు కుర్చీలు, గాలాడని ఫ్యాను. బయట హాల్లో మగవాళ్ళు వీధి చూస్తూ కాఫీ తాగుతుంటే మనం పరదా చూస్తూ తాగేవాళ్ళం. పరదాలు పోయాయి, ఏసీలు వచ్చాయి. మాట పోలేదు. మన వైపు మగవాళ్ళు భార్యని ‘మా ఫ్యామిలీ’ అంటారు, గమనించారా? “ఫ్యామిలీని తీసుకురాలేదా?” అంటే పెళ్ళాన్ని తీసుకురాలేదా అని. ఆ లెక్కన మగవాడికి ఫ్యామిలీ ఉంటుంది, ఆడది ఫ్యామిలీ అవుతుంది. నలుగురు ఆడవాళ్ళు కలిసినా, అందులో ఒక తల్లీ కూతురూ ఉన్నా, వాళ్ళు ఫ్యామిలీ కారు. యజమాని లేని సామాను వాళ్ళు.

“అదంతా మీ రక్షణ కోసమే కదండీ” అంటారు. ఈ మాట మగవాళ్ళంటే నేను పట్టించుకోను. మన రచయిత్రులు, మన లెక్చరర్లు అంటున్నారు, అదీ నా గొడవ. “ఫ్యామిలీ సెక్షన్ ఉండటం మంచిదే, నేనైతే అది ఉంటేనే వెళ్తాను” అని ఈ సంగతి విన్నాక నాతో ఒక్కరు కాదు, ముగ్గురన్నారు. నేనూ అలాగే వెళ్ళేదాన్ని. అడిగేదేమంటే, ఎవరి నుంచి రక్షణ? కింద హాల్లో కూర్చున్నవాళ్ళ నుంచే అయితే, వాళ్ళని పద్ధతిగా కూర్చోమనడం మానేసి మనల్ని పైకెక్కించడమేమిటి? ముంబయి మీద శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే కలిసి 2011లో తెచ్చిన ‘వై లాయిటర్’ పుస్తకం మనలో చాలామంది చదివాం, సెమినార్లలో ఉటంకించాం. ఆడదానికి రక్షణ పేరుతో పెట్టే కాపలా కాదు కావలసింది, పనేమీ లేకుండా వీధిలో తిరగడానికి హక్కు కావాలని వాళ్ళ వాదన. బాగుంది అన్నాం. ముంబయి గురించి కాబట్టి బాగుంది. బాపట్ల హోటల్ మెట్ల మీద అది మనకెవరికీ గుర్తు రాదు.

నాకూ రాలేదు. నాకు గుర్తొచ్చింది నా ఉద్యోగం. ఇక్కణ్ణుంచి చెప్పేది నా సిగ్గు సంగతి.

“చూడు బాబూ, మేం లెక్చరర్లం” అన్నాను. ఏళ్ళ తరబడి క్లాసులో వాడిన గొంతు, పనిచేసింది. అతని నిలబడే తీరే మారిపోయింది. సారీ మేడమ్, చెప్పలేదేం మేడమ్, మూల టేబులిస్తాను మేడమ్. కుర్చీలు సర్దుతూ మమ్మల్ని లెక్కపెట్టాడు. నా చేతిగడియారం, స్నేహితురాలి చీర, ఆ పిల్ల కళ్ళజోడు... వాళ్ళమ్మ కాళ్ళ దగ్గర అతని చూపు ఆగింది. “పనామె కింద కిచెన్ పక్కన తింటుందా మేడమ్? అక్కడ పెట్టిస్తాను.”

“మా అమ్మ” అంది ఆ పిల్ల.

అతనేం మాట్లాడాడో నాకు వినబడలేదు. క్షమాపణే చెప్పినట్టున్నాడు. వాళ్ళమ్మ అప్పటికే మెట్లు దిగుతోంది.

ఆ మనిషిని తిట్టుకోవడం తేలిక. కానీ తలుపు తీయించిన తాళంచెవి నాది. ‘మేం లెక్చరర్లం’ అన్నప్పుడు ఆ ‘మేం’లో ఆమె లేదని నాకంటే ముందు అతను గ్రహించాడు. ఆడవాళ్ళుగా రానివ్వనన్నవాడిని ఆడవాళ్ళుగానే నిలదీయాల్సింది పోయి, నా చదువునీ హోదానీ చూపించి లోపలికి దూరబోయాను. అవి చూపించలేని మనిషి నా పక్కనే నిలబడి ఉందని మరిచిపోయాను. మన స్త్రీవాదం మీద దళిత రచయిత్రులు ఎన్నేళ్ళుగానో పెడుతున్న అభియోగం ఇదే కదా. దాన్ని చదివినప్పుడు తలూపాను. ఆ మెట్ల మీద మాత్రం ముద్దాయిని నేనే.

రాజ్యాంగం పదిహేనో అధికరణంలో రెండో క్లాజు ఒకసారి తీసి చూడండి. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు, వీటిలో దేన్ని బట్టీ ఏ పౌరుడినీ దుకాణాల్లోకీ, హోటళ్ళలోకీ, రెస్టారెంట్లలోకీ రావద్దనకూడదంటుంది. అదే క్లాజులో, ఆ వెంటనే, జనం కోసం ఉన్న బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు. హోటలునీ మంచినీళ్ళ చెరువునీ ఒకచోట కూర్చిన మనుషులకి ఈ దేశం ఎక్కడ పట్టుకుంటే నొప్పెడుతుందో తెలుసు. కులం, లింగం అని పక్కపక్కనే రాశారు. పక్కపక్కనే చదవడం మనకింకా అలవాటు కాలేదు.

ఆ తల్లి పర్చూరు వైపు నుంచి చీరాలకి వచ్చిన దారిలో కారంచేడు ఉంది. అప్పుడది ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. 1985 జూలైలో అక్కడ మొదలైన గొడవ దేని గురించి? తాగే నీళ్ళ గురించి. మాదిగవాడ వాళ్ళు తాగే చెరువు దగ్గర భూస్వామ్య కులం కుర్రవాళ్ళు గేదెల కుడితి బకెట్లు కడుగుతుంటే కత్తి చంద్రయ్య అభ్యంతరం చెప్పాడు. అతని మీదకి వెళ్ళారు. నీళ్ళకొచ్చిన మున్నంగి సువార్త అడ్డం వెళితే ఆమె మీదకీ వచ్చారు. ఆమె చేతిలో ఉన్న బిందె ఎత్తింది. మర్నాడు, జూలై 17న, వాడ మీద పడ్డారు. ఆరుగురిని చంపారు, ఆడవాళ్ళ మీద అత్యాచారాలు చేశారు. బతికినవాళ్ళు చీరాల పారిపోయి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. దళిత మహాసభ పుట్టింది ఆ చీరాలలోనే.

ఆ తల్లికి అప్పుడు పదిహేనేళ్ళు. మావాళ్ళు నెలరోజులు నన్ను నీళ్ళకి పంపలేదు మేడంగారూ అంది. అంతకంటే ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. హోటల్లో నాకు జరిగినదాన్నీ కారంచేడునీ ఒక గాటన కడుతున్నానని ఎవరూ అనుకోవద్దు. నాకు జరిగింది చిన్న అవమానం, పైగా సగం నా చేతులారా తెచ్చుకున్నది. అయితే ఈ నేల మీద ఎవరెక్కడ తినాలి, ఎవరెక్కడ తాగాలి అన్నది రుచికి సంబంధించిన ప్రశ్న ఎప్పుడూ కాదు. అనుబంధం పేజీల వాళ్ళకి అది రుచి ప్రశ్న కావడానికి వాళ్ళ పుట్టుక ఒకటే కారణం.

తాగడం అంటే గుర్తొచ్చింది. మనభాషలో ‘తాగొచ్చాడు’ అంటే నీళ్ళు తాగొచ్చాడని ఎవరూ అనుకోరు. కర్మ లేకపోయినా అర్థమైపోయే క్రియ అది. అలా అర్థం కావడానికి కావలసిన ఏర్పాట్లన్నీ ప్రభుత్వాలు చేశాయి. ప్రకాశం పక్కనే నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించింది 1992లో. ఆ గాలికి 1993లో సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో అది వచ్చిన దారినే పోయింది. 2019లో ప్రభుత్వమే దుకాణాలు పెట్టి అమ్మింది. 2024 అక్టోబరు నుంచి మళ్ళీ ప్రైవేటు వాళ్ళు. ఎవరమ్మాలి, ఎంతకమ్మాలి, ఎన్నింటి దాకా అమ్మాలి... ఇంత సూక్ష్మంగా ఆలోచించిన యంత్రాంగం బుర్రలోకి ఆడవాళ్ళు నీళ్ళు తాగడం అనే విషయం ఒక్కసారైనా వచ్చిందా? నీళ్ళు తాగడమంటే కుళాయి ఒక్కటే కాదు. తాగిన తర్వాతి సంగతి కూడా. తలుపున్న, గడియున్న, నీళ్ళున్న, మగవాడు డబ్బులు వసూలు చేస్తూ గుమ్మంలో కూర్చోని మరుగుదొడ్డి. మమ్మల్ని ఉచితంగా బస్సెక్కించారు, సంతోషం, నిజంగానే సంతోషం. దిగాక?

మేం కూడా బార్లో కూర్చుని తాగాలంటారా అని వెటకారం చేసేవాళ్ళకి ఒక్కమాట. తాగాలనుకునే ఆమె తాగుతుంది, అది ఆమె ఇష్టం. నేను అడుగుతున్నది చెరువులోంచి వచ్చే నీళ్ళ గురించి. దానికే ఇంకా జవాబు రాలేదు.

ఇంతకీ ఆ రోజు మేం తిన్నాం. ఇసుక మొదట్లో టార్పాలిన్ కట్టుకుని చేపలు వేయించే ఒకామె దగ్గర. మా స్నేహితురాలి క్యారియర్లో పులిహోర ఉంది. బయట తినాల్సి వస్తుందేమోనని తెచ్చుకుందట! ఆ ‘ఏమో’ మీద ఇంకో వ్యాసం రాయొచ్చు. ప్లాస్టిక్ కుర్చీలు రెండే ఉన్నాయి, ఇసుకలోనే చతికిలబడ్డాం. కానగంతలు, నెత్తళ్ళు. పెనం మీద నూనె, కారం, అల్లంవెల్లుల్లి. ఆమెది ఆ దగ్గర్లోని మత్స్యకారుల పల్లె. పొద్దున్నే చేపలు తెచ్చుకుని కడిగి, కోసి, కారం పట్టించి, రాత్రి దాకా అక్కడే. మేం ఫ్యామిలీయా కాదా అని అడగలేదు. ఎన్ని ముక్కలని అడిగింది.

తింటూ మాటల్లో పడ్డాం. ఆ కారం కోసింది పర్చూరు తల్లిలాంటి ఆడవాళ్ళు. కాయలకి తొడిమలు తీసేదీ ఆడవాళ్ళే, తుమ్ముతూ దగ్గుతూ. (బజ్జీకి వాడేది వేరే మిరప, ఆ లావుపాటి పచ్చకాయకీ మన ఎండుమిరపకీ సంబంధం లేదు. అనుబంధం పేజీల వాళ్ళు ‘గుంటూరు మిర్చి బజ్జీ’ అని రాసినప్పుడల్లా ఆ తల్లి నవ్వుకుంటుందట. కూతురు చదివి వినిపిస్తుంది కాబోలు.) ఇంటికి పట్టుకెళ్ళమని అందరూ చెప్పే వేటపాలెం జీడిపప్పు ఉంది కదా, ఆ గింజ పగలగొడితే కారే జిడ్డుకి చేతులు కాలి మచ్చలు పడేదీ ఆడవాళ్ళకే. మంట పుట్టించే సరుకులన్నీ ఆడచేతుల మీదుగా వచ్చి ఆ తీరంలో ప్లేట్లలోకి చేరుతున్నాయి. ఆ ప్లేటు ముందు కూర్చునే చోటు దగ్గరికొచ్చేసరికి ‘జెంట్స్ ఎవరూ రాలేదా?’

పొద్దుణ్ణుంచీ ఇక్కడే ఉంటావు కదమ్మా, మరి ఎలా అని అడిగాను ఆ చేపలామెని. నేనేం అడుగుతున్నానో ఆమెకి వెంటనే తెలిసింది. “పొద్దున ఇంట్లో తాగితే మళ్ళీ ఇంటికి పోయినాకే నీళ్ళు. అలవాటైపోయింది.” పర్చూరు తల్లి ఆమె వంక చూసింది. ఇద్దరూ నవ్వుకున్నారు. వాళ్ళిద్దరికీ అంతకుముందు పరిచయం లేదు. మా స్నేహితురాలికి షుగరు. ఆమె ఇబ్బంది చూసి తన ఇంటికి తీసుకెళ్ళింది చేపలామె, పెనం మాకప్పగించి. నా దగ్గర రెండు ముక్కలు మాడిపోయాయి.

దేశంలో ఆడవాళ్ళని చంపుతుంటే, కాల్చేస్తుంటే, నువ్వు హోటల్లో కుర్చీ గురించి రాస్తావా అని అడగబోతున్నారు, తెలుసు. ఒకరప్పుడే అడిగారు. మన విశ్వవిద్యాలయాల్లో ఇంగ్లీషు సాహిత్యం చెప్పేవాళ్ళందరికీ వర్జీనియా వుల్ఫ్ 1929 నాటి పుస్తకంలో డబ్బూ, సొంత గదీ గుర్తుంటాయి. ఆ గది దగ్గరికి ఆమె ఎక్కణ్ణుంచి బయలుదేరిందో పాఠంలో చెప్పం. రెండు భోజనాల నుంచి బయలుదేరింది. మగవాళ్ళ కాలేజీలో చేపలు, కౌజులు, వైను. ఆడపిల్లల కాలేజీలో పల్చటి సూపు, ఎండు రేగిపళ్ళలాంటివేవో, మంచినీళ్ళు. ఎవరి పళ్ళెంలో ఏముందో చూసిన తర్వాతే ఎవరు రాయగలరు, ఎవరు రాయలేరు అన్న ప్రశ్నకొచ్చింది. అదే వాలకం మనవాళ్ళు చూపిస్తే చిల్లర విషయమంటాం. పైగా వుల్ఫ్ కూడా ఆ రెండో పళ్ళెం ముందు కూర్చునే అర్హతైనా ఉన్నవాళ్ళ గురించే రాసింది. ఆ గిన్నెలు కడిగినావిడ ఏం తిన్నదో, ఎక్కడ కూర్చుని తిన్నదో రాయలేదు. నేనూ పెద్ద భిన్నం కాదని పైన ఒప్పుకున్నాను.

సూర్యలంకకి డబ్బులు వస్తున్నాయి. స్వదేశ్ దర్శన్ రెండో విడతలో పేరు చేరింది, పనులూ ప్లానులూ నడుస్తున్నాయి. వ్యూపాయింట్లు, లైట్లు, ఫుడ్ కోర్టులు అంటున్నారు. ఫుడ్ కోర్టు వస్తే టార్పాలిన్ కిందున్న ఆమె ఎక్కడికి పోతుందో ఎవరినైనా అడుగుదామా? ఆడవాళ్ళకి మరుగుదొడ్లు ఎన్ని, ఇసుక దగ్గరా, పార్కింగు దగ్గరా? అమ్ముకునే ఆడవాళ్ళు కూడా వాటిని వాడొచ్చా, టికెట్టు కొన్నవాళ్ళకేనా? ‘ఫ్యామిలీ’ అన్న బోర్డు పెట్టినవాళ్ళకి లైసెన్సు ఇస్తారా? బాపట్ల కలెక్టరాఫీసుకి ఈ ప్రశ్నలతో ఒక కాగితం రాశాను. సంతకాలు నాలుగున్నాయి. ఒకటి వేలిముద్ర. ఇది చదివినవాళ్ళలో గుంటూరు, చీరాల, ఒంగోలు వాళ్ళు ఇంకో కాగితం రాస్తే బాగుంటుంది. మీరు మీ ఊళ్ళో హోటల్ మెట్ల మీద ఏమన్నారో కూడా రాయండి.

సాయంత్రం బాపట్ల బస్టాండులో పర్చూరు వైపు బస్సు కోసం నిలబడ్డాం. ఎలా ఉందమ్మా చేప అని అడిగాను. “కారం మనదే గానీ ఉప్పెక్కువేసింది” అంది. బస్సొచ్చింది. కిటికీ పక్కన కూర్చుంది. నేనిచ్చిన నీళ్ళ సీసా సంచిలోంచి తీసి చూసింది, మూత తీయలేదు, మళ్ళీ లోపల పెట్టుకుంది. ఇల్లు చేరడానికి ఇంకా గంటన్నర.